సవినయ పాదతాడనం

మా బడికి కొత్త ఫుట్‌బాళ్ళు వచ్చిన రోజున హెడ్మాస్టరు పట్నాయక్ గారు కొబ్బరికాయ కొట్టించారు. అందులో విడ్డూరమేమీ లేదు. మా బడిలో కుర్చీ వచ్చినా కొబ్బరికాయ కొట్టాల్సిందే. నేను అక్కడ వ్యాయామం మాస్టారుగా చేరి ఇరవై రెండేళ్ళయింది. ఆ ఇరవై రెండేళ్ళూ ఒకే ఒక్క బంతితో నెట్టుకొచ్చాను. అది కూడా, ఆడితే అరిగిపోతుందని, హెడ్మాస్టరుగారి బీరువాలోనే ఎక్కువ కాలం ఉండేది. అలాంటివాడికి ఒక్కసారిగా పన్నెండు కొత్త బంతులు వచ్చాయంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పెట్టె విప్పితే ప్రతి బంతి మీదా క్రీడామంత్రిగారు నవ్వుతున్నారు.

చిన్న బొమ్మేం కాదు. బంతికి ఒకవైపంతా ఆయన ముఖమే. రెండోవైపు 'బాలల బంతి భాగ్యం' అని పథకం పేరు. ఇక మిగిలింది గాలి కొట్టే చిల్లు చుట్టూ అరచేతి మేర తెల్లటి జాగా. పుస్తకం అట్ట మీదా, సంచీ మీదా, పళ్ళెం అడుగునా బొమ్మలు చూసి చూసి అలవాటు పడ్డవాళ్ళం కనక మాకెవరికీ ఏ అనుమానమూ రాలేదు. బంతి అనేది తన్నే వస్తువన్న సంగతి పథకం రాసినవాళ్ళకి తట్టలేదు, పుచ్చుకున్న మాకూ తట్టలేదు. నూకరత్నం ఒక్కదానికే తట్టింది.

నూకరత్నం తొమ్మిదో తరగతి చదువుతోంది. సముద్రం ఒడ్డున జాలరిపేట పిల్ల. ఉత్త కాళ్ళతో ఇసకలో పరిగెత్తి పెరిగింది కనక ఆ కాళ్ళలో ఎంత సత్తువుందో చెప్పలేను. సత్తువ చాలామందికి ఉంటుంది. బంతిని తన్నడం విద్య. ఊతకాలు బంతి పక్కన పెట్టాలి, చీలమండ బిగించాలి, చూపు బంతి మీంచి తియ్యకూడదు, బొటనవేలితో పొడవకుండా పాదం పైభాగంతో కొట్టాలి, కొట్టాక కాలుని ఆపకుండా బంతి వెంట పోనివ్వాలి. ఈ ఐదు ముక్కలూ నేను ఇరవై రెండేళ్ళుగా అరుస్తూనే ఉన్నాను. విన్నవాళ్ళు తక్కువ. నూకరత్నం రెండు రోజుల్లో నేర్చేసుకుంది. మూడో రోజున దాని తన్ను చూసి, ఇన్నాళ్ళూ నేను చెప్పినది నిజమేనన్నమాట అని నాకే నమ్మకం కలిగింది.

ఆ పిల్ల కొత్త బంతి దగ్గర నిలబడి బుర్ర గోక్కుంది.

"సార్, ఇది మంత్రిబాబు మొకం గదండీ. తన్నీమంటారేటి?"

"బంతి బంతే. తన్ను," అన్నాను.

తన్నింది. మా గోలుకి కట్టినది వాళ్ళమ్మ ఇచ్చిన పాత చేపల వల. బంతి ఆ వలని చింపుకుని, ప్రహరీ దాటి, రోడ్డు పక్క మురుక్కాలవలో పడింది. నేను చప్పట్లు కొట్టాను. ఎవడో పుణ్యాత్ముడు ఫోనులో వీడియో తీశాడు. సాయంత్రానికి మండలమంతా చూసింది. ముందు ముఖం, తర్వాత కాలు, ఆ తర్వాత మురుక్కాలవలో తేలుతూ మళ్ళీ ముఖం, అదే నవ్వు.

మూడో రోజున నాకు మెమో వచ్చింది. "గౌరవ మంత్రివర్యుల వదనారవిందముపై పాదప్రహారము గావించుటకు విద్యార్థినిని ప్రేరేపించిన కారణమున మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను." ఆ వస్తువు బంతి అని వినయంగా మనవి చేసుకున్నాను. దానికి రెండో మెమో వచ్చింది. "బంతి అయినంత మాత్రమున" అని మొదలైంది అది.

నా ఉద్యోగం సంగతి అలా ఉంచండి, పోతే పోతుంది. నా బెంగంతా నూకరత్నం గురించి. రాష్ట్ర క్రీడా పాఠశాలలో మా జిల్లాకి ఫుట్‌బాల్ కింద ఆడపిల్లలకి ఒకే ఒక్క సీటుంది. తిండీ, బట్టా, చదువూ అన్నీ వాళ్ళే చూస్తారు. మార్చిలో ఎంపిక. వాళ్ళమ్మ దానమ్మ నాతో ముందే తేల్చి చెప్పేసింది.

"ఆ సీటొచ్చిందా, సదువుకోమనండి. రాలేదా, ఏసంగి సెలవుల్నించీ నాతోపాటు రొయ్యల సెడ్డుకి రావాల. ఒలిసినోళ్ళకి ఒలిసినంత పని. మరింక మాటల్లేవు మాస్టారూ."

ఆమెని తప్పుపట్టలేను. భర్త లేడు, వేళ్ళన్నీ రొయ్యల ముళ్ళు గుచ్చుకుని పగిలిపోయాయి. అందుకే ఆ సీటు రావాలని నేను ఆ పిల్ల కంటే ఎక్కువగా కోరుకున్నాను.

ఈలోగా రాజధానిలో పెద్దలు అడకత్తెరలో పడ్డారు. బంతులు తన్నకపోతే పథకం విఫలం. తన్నితే మంత్రిగారికి అవమానం. బొమ్మ తీసేస్తే సరిపోతుంది, కాని ఆ మాట ఫైలు మీద మొదట రాసేదెవరు? పిల్లి మెడలో గంట కట్టడానికి అంత పెద్ద కార్యాలయంలో ఒక్క ఎలుకా ముందుకు రాలేదు. చివరికి వాళ్ళు బాగా ఆలోచించి, తప్పు బొమ్మలో లేదు, తన్నులో ఉంది అని తేల్చారు. సరైన పద్ధతిలో తన్నడం మన పిల్లలకి రాదు కనకనే ఇలా జరిగింది. జట్టుకి పదకొండుమంది ఉంటారు కాబట్టి పదకొండుమందితో ఒక సంఘం వేశారు. అందులో బంతిని తన్నినవాళ్ళు ఎవరూ లేకపోవడం వల్ల పక్షపాతానికి తావు లేకుండా పోయింది. నలభై రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. దాని పేరు 'సవినయ పాదతాడన విధానము'.

జిల్లా కేంద్రంలో మాకు శిక్షణ ఇచ్చారు. జిల్లా క్రీడాధికారి చక్రధరరావు గారు వేదిక మీద కూర్చున్నారు. ఆయన పక్కన రాజధాని నుంచి వచ్చిన సాంకేతిక సలహాదారుగారు, ఉత్తరీయం వేసుకుని. మోకాళ్ళ నొప్పుల వల్ల సలహాదారుగారు లేవలేదు. బంతిని బల్ల మీద పెట్టించి కర్రతో చూపిస్తూ చెప్పారు.

"బంతిని సమీపించునప్పుడు క్రీడాకారుని మనస్సున అహంకారము ఉండరాదు. ముందుగా వంగి, కుడిచేతితో బంతిని తాకి, కళ్ళకద్దుకొనవలెను. పొరపాటున కాలు తగిలితే మనము చేయునది అదే కదా? ఇక్కడ కాలు తగులుట ముందే తెలియును గనుక, ముందే చేయుచున్నాము."

ఈ తర్కానికి చక్రధరరావు గారు తల పంకించారు.

"తరువాత బంతిని త్రిప్పి, గాలి చిల్లు తన వైపునకు వచ్చునట్లు అమర్చుకొనవలెను. చిల్లు చుట్టునున్న శ్వేత ప్రదేశముపై మాత్రమే, పాదముతో, సవినయముగా తాడనము గావించవలెను. వదనముపై ఒక్క దెబ్బ తగిలినను ఆ క్రీడాకారుడు శాశ్వతముగా అనర్హుడు."

నేను చెయ్యెత్తాను. "అయ్యా, గాలి చిల్లు మీద తన్నకూడదని మేము నేర్పుతామండీ. బంతి పాడవుతుంది, గురీ తప్పుతుంది."

"బంతి పాడైన ఇంకొకటి వచ్చును. గౌరవము పాడైన?"

హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

"మరి ఆటలో బంతి దొర్లుతూ వస్తుంది కదండీ?"

"రానీయండి. ఎప్పటికైనా ఆగును. ఆగిన పిమ్మట త్రిప్పుకొనవలెను."

"ఈలోగా అవతలి జట్టువాళ్ళు ఆగరు కదండీ."

"అవతలి జట్టునకు కూడ ఇదే ఉత్తర్వు వర్తించును," అన్నారు సలహాదారుగారు, నా తెలివికి జాలిపడుతూ.

గోలు కాసేవాళ్ళు బంతిని గుద్దకూడదట, రెండు చేతులా అందుకోవాలట. తలతో కొట్టవచ్చా అని నరసన్నపేట వైపు మాస్టారొకాయన అడిగారు. వేదిక మీద కాసేపు గుసగుసలు నడిచాయి. "నుదురు నుదురును తాకుట ఆత్మీయతకు చిహ్నము. అనుమతించడమైనది," అని తేల్చారు.

కొత్త విధానంలో మొదటి మ్యాచ్ మా బడికీ పక్క మండలం బడికీ జరిగింది. ఈల ఊదాను. మధ్యలో పెట్టిన బంతిని మా అమ్మాయి కళ్ళకద్దుకుని, చిల్లు చూసుకుని తన్నింది. బంతి కొంత దూరం దొర్లింది. ఇరవైమంది పిల్లలు దాని చుట్టూ నిలబడి ఎప్పుడాగుతుందా అని చూశారు. ఆగింది. అందరూ వంగి చిల్లు కోసం వెతికారు. ముక్కుపుడక పారేసుకున్న పెళ్ళివారిలా ఉంది వ్యవహారం. చిల్లు కిందికి పోయిందని ఒకత్తె, పక్కకుందని ఇంకొకత్తె. దొరికాక ఎవరు ముందు కళ్ళకద్దుకోవాలన్న దాని మీద తగువు వచ్చింది. గంటకి పైగా ఆడితే మొత్తం తొమ్మిది తన్నులు నమోదయ్యాయి. గోల్స్ లేవు. ఒక దశలో, గోలు కాసే పిల్ల కూడా చిల్లు వెతకడానికి ముందుకొచ్చేసి ఉండగా, గాలికి బంతి తనంతట తానే మా గోలువైపు దొర్లిపోతుంటే, ఆపాలంటే కాలు పెట్టాలి, కాలు పెడితే ముఖం తగులుతుంది. కక్కలేక మింగలేక నిలబడ్డారు పిల్లలు. గోలు గీతకి జానెడు దూరంలో అదే ఆగింది, ప్రభుత్వం మంచిది కాబట్టి.

"ఆట ప్రశాంతంగా ముగిసింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు," అని పట్నాయక్ గారు నివేదిక పంపారు. జిల్లాలో మా బడిని ఆదర్శంగా ప్రకటించారు.

నాకు మాత్రం కడుపు మండిపోయింది. అయినా ఏం చేస్తాను? ఎంపికలో పది తన్నులకి మార్కులు. విధానానికి డెబ్బై, సిద్ధాంతానికి ఇరవై, గోలుకి పది. సీటు కావాలంటే నూకరత్నం చిల్లు మీద తన్నడం నేర్చుకోవాలి. నేనే నేర్పాను. చక్కగా తన్నే పిల్ల చేత వంకరగా తన్నించడానికి నెల రోజులు పొద్దున్నే బడికి వచ్చాను. చెప్పుకుంటే సిగ్గుచేటు. చిల్లు మీద తగిలినప్పుడల్లా బంతి ఏ మూలకో పోయేది. ఆ పిల్ల విసుక్కోలేదు.

"రొయ్యకి తల ఏకాడికి గిల్లాలో మాయమ్మ సూపింది సార్. ఇదీ అలాటిదే," అనేది.

నెలాఖరుకి దానికి ఆ అరచేతి జాగాలో తన్ని, బంతి ఎంత వంకర పోతుందో ముందే లెక్కగట్టి, గోల్లోకి పంపడం వచ్చేసింది. అలాంటి విద్య ప్రపంచంలో ఇంకెవరికీ వచ్చి ఉండదు, అవసరమూ ఉండదు.

ఎంపిక జిల్లా కేంద్రం మైదానంలో. ఎనిమిదిమంది ఆడపిల్లలు వచ్చారు. షామియానా కింద చక్రధరరావు గారు పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. తుది నిర్ణయం అయ్యేదాకా మార్కులు పెన్సిలుతోనే వేయడం ఆయన పద్ధతి. హాజరుపట్టీ నా చేతికిచ్చారు. సంతకాలు సాయంత్రం అందరి చేతా ఒకేసారి పెట్టించడం మా శాఖ పద్ధతి. సాయంత్రం ఐదింటిలోగా ఒక పేరు రాజధానికి వెళ్ళాలి. లేకపోతే సీటు పక్క జిల్లాకి పోతుంది. దానమ్మ చేపలు అమ్ముకుని, ఖాళీ తట్ట చంకలో పెట్టుకుని అక్కడే నిలబడింది.

పొద్దున ఒక్కొక్కరికీ ఐదు తన్నులు. మిగతా పిల్లలు చిల్లు మీద తన్నితే బంతి గోలుకి తప్ప అన్ని దిక్కులకీ పోయింది. నూకరత్నం వంగింది, తాకింది, కళ్ళకద్దుకుంది, తన్నింది. ఐదుకి ఐదు.

"ఆహా, ఏమి వినయము!" అన్నారు చక్రధరరావు గారు. గోలు సంగతి ఆయన గమనించలేదు.

భోజనాల వేళ ఆయనకి ఫోనొచ్చింది. వింటూ వింటూ లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు. మంత్రిగారిని క్రీడాశాఖ నుంచి తీసేశారట. చక్రధరరావు గారు చెయ్యి కడుక్కోకుండానే మైకు అందుకున్నారు.

"మారిన పరిస్థితులలో మాజీ మంత్రిగారి చిత్రమునకు గౌరవము చూపుట ప్రభుత్వ ధిక్కారము క్రిందికి రాగలదు. కావున మిగిలిన ఐదు తాడనములు విధిగా వదనముపైననే గావించవలెను. తప్పించుకొన్నవారు మాజీ వర్గీయులుగా పరిగణింపబడుదురు."

నూకరత్నం నా దగ్గరికొచ్చింది. "సార్, ఇప్పుడు మొకమ్మీదే తన్నాలా? తరవాత మల్లీ ఏటంటారో?"

"పెద్దాయన మైకులో చెప్పాడు కదమ్మా. నేను మొదట్లో నేర్పానే, అలా తన్ను," అన్నాను.

తన్నింది. ఊతకాలు బంతి పక్కన పడింది, చీలమండ బిగిసింది, తన్నిన కాలు బంతి వెంట వెళ్ళింది. ఐదు బంతులూ గోలు మూలలకి పోయి వలలో పడ్డాయి. ఐదో బంతి గోలు కాసే పిల్లకి కనపడనే లేదు. చూస్తూ చూస్తూ నాకు ఏడుపొచ్చింది. పక్క మాస్టారు ఏమైందని అడిగితే కంట్లో నలుసు పడిందన్నాను. పదికి పది.

నాలుగు గంటలకి మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి చక్రధరరావు గారి ముఖం పాలిపోయింది. మంత్రిగారిని క్రీడాశాఖ నుంచి తీసింది, క్రీడాశాఖతో సహా నాలుగు శాఖలు కలిపిన ఇంకా పెద్ద శాఖ ఇవ్వడానికట. మధ్యాహ్నం ఫోను చేసినవాడు సగమే విని చెప్పాడు.

"వదనముపై ఎవరు తన్నిరి?" అని అరిచారు.

"అందరూ తన్నారండీ. తమరే చెప్పారు," అన్నాను.

"నేను మౌఖికముగా చెప్పితిని. మౌఖికము రికార్డు కాదు. ఉత్తర్వు ప్రకారము ఒక్క దెబ్బ తగిలినను శాశ్వత అనర్హత. ఎనిమిదిమందియు అనర్హులే!"

"అయితే సీటు పక్క జిల్లాకి పోతుందండీ. మన జిల్లాలో ఒక్కరూ ఎందుకు లేరని తమరినే సంజాయిషీ అడుగుతారు."

ఆయన గడియారం చూసుకున్నారు. నాలుగూ ఇరవై. రబ్బరు తీసుకుని మార్కులన్నీ చెరిపేశారు. కాగితం ఖాళీ అయింది కాని సమస్య తీరలేదు. హాజరైన పిల్ల తన్నింది, తన్నిన పిల్ల అనర్హురాలు. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని, "ఎంపికకు రాని అభ్యర్థి ఒక్కరైనా లేరా? వచ్చి ఉండకపోతే తన్ని ఉండదు కదా!" అన్నారు.

అప్పుడు నా చేతిలో హాజరుపట్టీ ఉంది. ఇంకా ఎవరూ సంతకాలు పెట్టలేదు. మిగతా మాస్టార్లకి ఈ ఆలోచన రాకముందే నోరు తెరిచాను. మిగతా ఏడుగురు పిల్లల ఉసురు నాకు తగిలితే తగలనీ, పదికి పది కొట్టింది మా పిల్ల ఒక్కతే.

"ఒకమ్మాయి రాలేదండీ. గనగళ్ళ నూకరత్నం, తొమ్మిదో తరగతి."

నూకరత్నం ఆయనకి రెండడుగుల దూరంలో బంతి పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ళనిండా దుమ్ము. ఆయన ఆ పిల్లని చూశారు, నన్ను చూశారు, పట్టీలో ఖాళీ గడి చూశారు.

"రాలేదా?"

"రికార్డు ప్రకారం రాలేదండీ."

"శభాష్!" అన్నారు చక్రధరరావు గారు. ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "ఎంత బాధ్యత గల పిల్ల! ఆ అమ్మాయి ఎక్కడున్నా వెంటనే పిలిపించి, ధ్రువపత్రం మీద సంతకం పెట్టించండి."

పిలిపించాను. అంటే, భుజం పట్టుకుని ముందుకి జరిపాను. ఒక గుమాస్తా కాగితం రాసుకొచ్చాడు. "నేను నేటి ఎంపికకు హాజరు కాలేదనియు, ఇంతవరకు ఏ బంతిని తన్ని యుండలేదనియు, నా పాదములు నిర్దోషములనియు ఇందుమూలముగా ధ్రువపరచుచున్నాను."

దానమ్మ తట్ట కింద పెట్టి అడ్డం వచ్చింది.

"ఇదేటి బాబూ! నా కల్లారా సూసినాను. పదికి పదీ ఏసింది మా గుంట. తన్నలేదని రాసేత్తారేటి?"

"అమ్మా, మీరు కూడా రాలేదు," అన్నారు చక్రధరరావు గారు మర్యాదగానే.

దానమ్మ నా వైపు తిరిగింది. నేను ఆమెని పక్కకి పిలిచి, తన్నిందని రాస్తే రొయ్యల షెడ్డు, తన్నలేదని రాస్తే బడి అని చెప్పాను. ఆమె తన పగిలిన వేళ్ళ వైపు చూసుకుంది. తర్వాత కూతురితో, "సంతకం ఎట్టీ," అంది.

నూకరత్నం కాగితం రెండుసార్లు చదివింది. ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివింది. తర్వాత సంతకం పెట్టింది. నాలుగూ యాభైకి పేరు రాజధానికి వెళ్ళిపోయింది. చక్రధరరావు గారు టీ తెప్పించి మా అందరికీ ఇప్పించారు.

నూకరత్నం టీ తాగలేదు. గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడింది.

"సార్, ఆ బడిలోనయినా తన్ననిత్తారా?"

ఆ బడికీ ఇవే బంతులు వెళ్ళాయని నాకు తెలుసు.

"తన్ననిస్తారమ్మా," అన్నాను. "టీ చల్లారిపోతోంది, తాగు."